అమెరికా కన్జర్వేటివ్‌లలో ఎవరేమంటున్నారు? ఆ మాటల ప్రభావం జైపూర్ దాకా ఎలా వస్తోంది? పూర్తి వివరాలు

జైపూర్: మంచిర్యాల జిల్లా జైపూర్ మండలం అనగానే ముందు గుర్తొచ్చేది సింగరేణి థర్మల్ పవర్ ప్లాంట్. ఒక్కోటి 600 మెగావాట్ల చొప్పున 2 యూనిట్లు, మొత్తం 1,200 మెగావాట్లు. ఇక్కడి బొగ్గుకీ, కరెంటుకీ వాషింగ్టన్‌తో నేరుగా లింకు లేదు. కానీ ఇక్కడి ఇళ్లకి ఉంది. ఒక ఇంట్లో కొడుకు ఎంఎస్ కోసం అమెరికాలో ఉంటే, పక్కింట్లో అల్లుడు దోహాలోనో దుబాయ్‌లోనో పని చేస్తున్నాడు. అందుకే అమెరికా టీవీలో ఎవరో ఒక వ్యాఖ్యాత అన్న మాట తెల్లారేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తోంది. అసలు ఈ కన్జర్వేటివ్‌లు ఎవరు? విదేశాంగ విధానం, దేశ భద్రతపై ఏమంటారు? అందరిదీ ఒకే మాటేనా? చూద్దాం.

కన్జర్వేటివ్‌లు అంటే ఎవరు?

సింపుల్‌గా చెప్పాలంటే ఎక్కువగా రిపబ్లికన్ పార్టీ వైపు ఉండే వర్గం. తక్కువ పన్నులు, బలమైన సైన్యం, సంప్రదాయ విలువలు, సరిహద్దుల కట్టడి వీళ్ల ప్రధాన అంశాలు. వీళ్ల ఆలోచనకి ఒక రూపం ఇచ్చిన పత్రిక నేషనల్ రివ్యూ. విలియం బక్లీ 1955లో దీన్ని మొదలుపెట్టారు. 1973లో హెరిటేజ్ ఫౌండేషన్ వచ్చింది. రీగన్ అధ్యక్షుడైన 1981లో ఈ సంస్థ ప్రభుత్వం ఏం చేయాలో చెబుతూ 'మాండేట్ ఫర్ లీడర్‌షిప్' పేరుతో పుస్తకం తెచ్చింది. 2023లో అదే పేరుతో తెచ్చిన కొత్త పుస్తకమే ప్రాజెక్ట్ 2025గా వార్తల్లో నలిగింది. అంటే అక్కడ వ్యాఖ్యానం అంటే టీవీలో అరుపులు మాత్రమే కాదు. కొన్నిసార్లు రేపటి జీవోకి ఇవాళ రాసుకున్న డ్రాఫ్ట్ కూడా.

3 వర్గాలు.. 3 దారులు

మొదటిది దూకుడు వర్గం. అమెరికాలో వీళ్లని 'హాక్స్' అంటారు. అమెరికా బలం చూపిస్తేనే ప్రపంచం దారిలో ఉంటుందన్నది వీళ్ల వాదన. 2003లో జార్జ్ బుష్ హయాంలో ఇరాక్ యుద్ధానికి గట్టిగా మద్దతిచ్చింది వీళ్లే.

రెండోది సంయమన వర్గం. దూర దేశాల యుద్ధాలు మనకెందుకు, ఆ డబ్బు ఇంట్లో ఖర్చు పెడదాం అంటారు. ప్యాట్ బుకానన్ ఈ వాదనకి పాత గొంతు. ఇరాక్ యుద్ధానికి ముందే, 2002లో మొదలైన ది అమెరికన్ కన్జర్వేటివ్ పత్రిక వెనుక ఆయన ఉన్నారు. ఇప్పటి ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ రాజకీయంగా ఎదిగింది కూడా ఈ వైపు నుంచే. మెరైన్‌గా ఇరాక్ వెళ్లొచ్చిన ఆయన, తర్వాత ఆ యుద్ధాన్నే తప్పుబట్టారు. ఆయన భార్య ఉషా చిలుకూరి వాన్స్ తల్లిదండ్రులు మన తెలుగువాళ్లే.

మూడోది ప్రాధాన్య వర్గం. అమెరికాకి అన్ని చోట్లా పోరాడే శక్తి లేదు, కాబట్టి దృష్టంతా చైనాపైనే పెట్టాలంటారు. 2021లో 'స్ట్రాటజీ ఆఫ్ డినయల్' పుస్తకం రాసిన ఎల్‌బ్రిడ్జ్ కోల్బీ వీళ్లలో ముఖ్యుడు. ట్రంప్ రెండో ప్రభుత్వంలో రక్షణ శాఖ విధాన విభాగం ఆయన చేతికే వచ్చింది.

భారత్‌ని ఎలా చూస్తారు?

ఇక్కడే అసలు ట్విస్ట్. ఈ 3 వర్గాలకీ భారత్ 3 రకాలుగా కనిపిస్తుంది.

2005లో చర్చలు మొదలై 2008లో సంతకాలైన పౌర అణు ఒప్పందం బుష్ ప్రభుత్వానిదే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల ప్రతిపాదన ఆ దారిలో వచ్చిందే. చైనాపై దృష్టి పెట్టే వర్గానికి భారత్ కావాల్సిన భాగస్వామి. 'అమెరికా ఫస్ట్' అనేవాళ్లకి మాత్రం భారత్ శత్రువు కాదు, అలాగని స్పెషల్ కూడా కాదు. వాణిజ్యం, వలసల దగ్గర బేరం గట్టిగానే ఉంటుంది.

2025 ఆగస్టులో ఇది బయటపడింది. రష్యా చమురు కొంటున్నామని మన సరుకులపై అదనంగా 25 శాతం సుంకం వేశారు. అంతకుముందు 25 శాతంతో కలిపి మొత్తం 50 శాతమైంది. వైట్‌హౌస్ సలహాదారు పీటర్ నవారో భారత్‌ని తీవ్రంగా విమర్శించారు. అదే పార్టీకి చెందిన నిక్కీ హేలీ మాత్రం, చైనాని ఎదుర్కోవాలంటే భారత్‌తో బంధం చెడగొట్టుకోవద్దని రాశారు. ఇద్దరూ కన్జర్వేటివ్‌లే.

వీసా ఎప్పుడు 'దేశ భద్రత' అయింది?

ఒకప్పుడు దేశ భద్రత అంటే క్షిపణులు, సైన్యం, గూఢచారులు. ఇప్పుడు ఆ మాట వీసా ఫారం దాకా వచ్చింది.

2024 డిసెంబరులో హెచ్-1బీపై ట్రంప్ మద్దతుదారుల్లోనే గొడవ మొదలైంది. ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి ఈ వీసాలు కావాలన్నారు. స్టీవ్ బానన్, లారా లూమర్ వద్దన్నారు. 2025 మే చివర్లో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు. జూన్‌లో మళ్లీ తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలన్న షరతు వచ్చింది. సెప్టెంబర్ 19న ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఆ వీసాల దుర్వినియోగం దేశ భద్రతకే ముప్పు అని ఆ ప్రకటనలోనే రాశారు. హెచ్-1బీ ఆమోదాల్లో దాదాపు 70 శాతం భారతీయులవే. కాబట్టి దెబ్బ ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి ఏం జరిగిందో గుర్తుందా? ఫీజు ఏటా కట్టాలని సాక్షాత్తూ వాణిజ్య మంత్రి హోవార్డ్ లట్నిక్ అన్నారు. ఇండియాకి వచ్చినవాళ్లు హడావిడిగా ఫ్లైట్లు పట్టుకున్నారు. మర్నాడు వైట్‌హౌస్ క్లారిటీ ఇచ్చింది. ఫీజు ఒకేసారి, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి కాదు అని. మంత్రి మాటకీ కాగితానికీ మధ్య అంత తేడా. ఆ ఒక్క రోజు తేడాకి ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో!

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సంగతేంటి?

2025 జూన్ 22న అమెరికా ఇరాన్‌లోని ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాలపై బాంబులు వేసింది. దానికి ముందు కన్జర్వేటివ్‌లు రెండుగా చీలిపోయారు. మార్క్ లెవిన్, సెనేటర్ టెడ్ క్రూజ్ ఇరాన్‌పై కఠినంగా వెళ్లాలన్నారు. టక్కర్ కార్ల్‌సన్, బానన్ యుద్ధం వద్దన్నారు. చివరికి దాడి జరిగింది. మర్నాడు ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదీద్ అమెరికా స్థావరంపై క్షిపణులు వేసింది. ఖతార్ గగనతలం కాసేపు మూసేశారు.

మంచిర్యాల, జగిత్యాల, కరీంనగర్, నిర్మల్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఫోన్ కలవకపోతే ఎలా ఉంటుందో మనకి తెలుసు. పైగా ఖతార్ నుంచి మన దేశానికి గ్యాస్ వస్తుంది. గోదావరి అవతల రామగుండం ఎరువుల కర్మాగారం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారీ సామర్థ్యంతో నడిచేది గ్యాస్‌తోనే. హోర్ముజ్ జలసంధిలో ఉద్రిక్తత వస్తే గ్యాస్ ధర పెరుగుతుంది, ఆ భారం సబ్సిడీ బిల్లు మీద పడుతుంది.

వైరల్ వీడియో వస్తే ఏం చూడాలి?

* మాట్లాడేది ఎవరు? పదవిలో ఉన్నారా, బయట వ్యాఖ్యాతా? లూమర్, బానన్‌లకి ప్రభుత్వ పదవి లేదు. పలుకుబడి ఉంది, సంతకం లేదు.
* ఏ వర్గం? దూకుడా, సంయమనమా, చైనాపై దృష్టా? ఒకరి మాటని 'అమెరికా నిర్ణయం' అనుకోవద్దు.
* కాగితం వచ్చిందా? అధ్యక్షుడి ఉత్తర్వు, ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్, కాన్సులేట్ ప్రకటన వచ్చేదాకా ఆగండి.
* ఎప్పటి నుంచి, ఎవరికి వర్తిస్తుంది? లక్ష డాలర్ల ఫీజు విషయంలో అసలు సమాధానం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

అలాగని వ్యాఖ్యాతల మాటని పూర్తిగా కొట్టిపారేయలేం. 2024 డిసెంబరులో సోషల్ మీడియా గొడవగా ఉన్న హెచ్-1బీ వివాదం 9 నెలల్లో ఉత్తర్వుగా మారింది. అదే ట్రంప్, నవంబర్‌లో ఫాక్స్ న్యూస్ ఇంటర్వ్యూలో బయటి టాలెంట్ కూడా అవసరమే అన్నారు. ఈ ఊగిసలాట ఇప్పట్లో ఆగేలా లేదు. పిల్లల చదువుకి బ్యాంకు లోను పెట్టాలా, పీఎఫ్ డబ్బు తీయాలా అని ఆలోచిస్తున్న సింగరేణి కుటుంబాలు ఆ లెక్కలో వీసా రిస్కుని కూడా కలుపుకోవడం మంచిది. నిర్ణయం మాత్రం వీడియో చూసి కాదు, ఉత్తర్వు చదివాకే.