థైరాయిడ్ రక్తపరీక్షలు

మెడ ముందువైపు, కంఠముడికి కాస్త కిందుగా ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేస్తోందో లేదో తేల్చే పరీక్షలివి. వీటిలో డాక్టర్లు ముందుగా చూసేది టీఎస్‌హెచ్. నిజానికి అది థైరాయిడ్ తయారుచేసే హార్మోను కాదు, మెదడు అడుగునున్న పీయూష గ్రంథిది.

థైరాయిడ్ నుంచి వెలువడేవి టీ4, టీ3. రక్తంలో ఇవి తగ్గితే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను పెంచి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. అందుకే టీఎస్‌హెచ్ పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ మందగించినట్టు (హైపోథైరాయిడిజం), బాగా పడిపోయిందంటే అతిగా పనిచేస్తున్నట్టు (హైపర్‌థైరాయిడిజం). టీ4 కొద్దిగా తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. జబ్బు ఆనవాలు తొలుత ఇక్కడే కనిపించడానికి కారణం అదే.

పెద్దవారిలో టీఎస్‌హెచ్ మిల్లీలీటరుకు సుమారు 0.4 నుంచి 4 మైక్రోయూనిట్లు ఉండాలి. ఈ హద్దులు ల్యాబును బట్టి కొంత మారతాయి. టీఎస్‌హెచ్ తేడాగా ఉంటే ఫ్రీ టీ4 చూస్తారు. టీ4లో అధికభాగం ప్రోటీన్లకు అంటుకుని తిరుగుతుంది. కణాలకు పనికొచ్చేది విడిగా ఉన్న స్వల్పభాగమే. గర్భిణుల్లో ఆ ప్రోటీన్లు పెరిగి మొత్తం టీ4 ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి దాన్నొక్కదాన్నే చూస్తే పొరబడే వీలుంది. టీఎస్‌హెచ్ పెరిగినా ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే అది సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం. ఇక కారణం వెతకడానికి యాంటీబాడీ పరీక్షలున్నాయి: హషిమోటో వ్యాధికి యాంటీ టీపీఓ, గ్రేవ్స్ వ్యాధికి టీఎస్‌హెచ్ గ్రాహక యాంటీబాడీలు.

ఒకప్పుడు ఇంత సులువు లేదు. రోగిని పరగడుపున కదలకుండా పడుకోబెట్టి, ఎంత ఆక్సిజన్ ఖర్చవుతోందో కొలిచి అంచనా వేసేవారు. న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రూపొందించిన రేడియో ఇమ్యునోఅస్సే రక్తంలోని అతిసూక్ష్మ హార్మోన్లను కొలిచే దారి చూపింది. 1977లో యాలోకు నోబెల్ వచ్చింది. బెర్సన్ 1972లోనే కన్నుమూశారు. తొలినాళ్ల టీఎస్‌హెచ్ పరీక్షలు పెరుగుదలను పట్టేవే గానీ, మామూలు స్థాయికీ మరీ తక్కువకూ తేడా చెప్పలేకపోయేవి. ఆ లోటు 1980లలో తీరింది.

హైదరాబాద్‌తో సహా ఎనిమిది భారతీయ నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది.

రిపోర్టు తప్పుదోవ పట్టించే సందర్భాలూ ఉన్నాయి. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపి లేని హైపర్‌థైరాయిడిజాన్ని ఉన్నట్టు భ్రమింపజేస్తాయి. కనీసం రెండు రోజుల ముందే వాటిని ఆపమంటారు. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడూ, గర్భం తొలి నెలల్లోనూ టీఎస్‌హెచ్ మారుతుంది. పీయూష గ్రంథికే జబ్బు చేస్తే, థైరాయిడ్ హార్మోన్లు తగ్గినా టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు. థైరాక్సిన్ (టీ4) మాత్రలు వాడేవారికి ఫ్రీ టీ4 చూడాలంటే ఆ పూట మాత్ర వేసుకోకముందే రక్తం తీయడం మేలు. మోతాదు మార్చాక మళ్లీ పరీక్షకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

పసిపిల్లల్లో మాత్రం అంత ఆగడానికి లేదు. పుట్టుకతోనే థైరాయిడ్ లోపముంటే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పుట్టిన వెంటనే టీఎస్‌హెచ్ సహజంగానే పైకెగసి దిగుతుంది కాబట్టి సాధారణంగా రెండు రోజులు దాటాక మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. లోపం ఖాయమైతే రెండు వారాల వయసులోపే చికిత్స మొదలుపెట్టాలన్నది లక్ష్యం.