బళ్ళారి రాఘవ: ఒక నటుడి స్వేచ్ఛ, దాని హద్దులు

మన నాటక చరిత్రల్లో నటుల గురించి రాసిన అధ్యాయాలు చాలావరకు సన్మానపత్రాల్లా ఉంటాయి. ఏ బిరుదు వచ్చింది, ఏ మహానుభావుడు మెచ్చుకున్నాడు అనే వివరాలతో నటుడి జీవితం పూర్తయిపోతుంది. బళ్ళారి రాఘవ విషయంలో ఈ ధోరణి మరీ ఎక్కువ. ‘దీనబంధు కబీర్’ చూసి గాంధీ ముగ్ధుడైన సంగతి, 1928లో రాఘవ ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసిన సంగతి చెప్పని వ్యాసం అరుదు. చాలా ఏళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నవాణ్ణి కనక నేనూ ఇవన్నీ పిల్లలకు చెప్పినవాణ్ణే. అయితే నన్ను వేధించే ప్రశ్నకు వీటిలో జవాబు లేదు. తెలుగు రంగస్థలం యావత్తూ పద్యం చుట్టూ, రాగం చుట్టూ తిరుగుతున్న రోజుల్లో ఈ ఒక్క మనిషి ఎలా ఎదురు నిలవగలిగాడు? ప్రతిభ వల్ల అంటే చాలదు. ప్రతిభావంతులకు ఆనాడు కొదవ లేదు.

తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టాడు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. ‘విషాద సారంగధర’తో తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేసిన ఈ ధర్మవరమే మన నాటకాల్లో పాటలకు కూడా పెద్దపీట వేశాడు. బళ్ళారిలో ఆయన స్థాపించిన సరసవినోదినీ సభ ఒక పక్క, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు ఆడిన సుమనోరమ సభ మరో పక్క ఉన్న వాతావరణంలో రాఘవ పెరిగాడు. కోలాచలం వారి విజయనగర పతన నాటకంలో వేసిన పఠాన్ రుస్తుం పాత్ర ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. మామ తెచ్చిన పాటను అల్లుడు వెనక్కి నెట్టడం మన నాటక చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు.

ఆనాటి పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకోవాలి. పౌరాణిక నాటకమంటే పద్యం. పద్యమంటే రాగాలాపన. జనం ‘వన్స్ మోర్’ అంటే చచ్చిపడిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడవలసిందే. కాంట్రాక్టు నాటకాలు వచ్చాక ఇది మరింత ముదిరింది. హార్మోనియం శ్రుతికి గొంతు ఎంతసేపు నిలిస్తే నటుడికి అంత గిరాకీ. దీన్ని నటుల అభిరుచి లోపంగా చూపించి ఎద్దేవా చెయ్యడం తేలిక. కాని వాళ్లలో చాలామందికి ఆ రాత్రి పాడిన పద్యమే మర్నాటి కూడు. పాడనని భీష్మించుకునే వెసులుబాటు వాళ్లకు లేదు.

రాఘవకు ఉంది. ఆయన మద్రాసులో చదివి, బళ్ళారిలో పేరుమోసిన క్రిమినల్ లాయరు అయ్యాడు, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశాడు. నాటకం ఆయనకు జీవనోపాధి కాదు. అందుకే పద్యాలు తగ్గించి, ఉన్నవాటిని అర్థం చెదరకుండా పలికి, మాటకీ మాటకీ మధ్య మౌనాన్ని కూడా వాడుకోగలిగాడు. హిరణ్యకశిపుడైనా, హరిశ్చంద్రుడైనా, రామదాసైనా పాత్ర మనసులో ఏం జరుగుతోందన్నదే ఆయనకు ముఖ్యం. టిక్కెట్టు కొన్నవాడి కేకకు లొంగనవసరం లేని ఆర్థిక స్థితి ఈ కళాదృష్టికి పునాది. ఇలా అనడం రాఘవను తక్కువ చెయ్యడం కాదు. ఆయన పాటి ఆదాయం ఉన్న ప్లీడర్లు ఆ కాలంలో వందలమంది ఉన్నారు. ఆ స్వేచ్ఛను ఇలా ఖర్చు పెట్టినవాళ్లు ఎందరు?

ఈ స్వేచ్ఛకు అసలు పరీక్ష స్త్రీ పాత్రల దగ్గర ఎదురైంది. సురభి కుటుంబాల్లో స్త్రీలు అప్పటికే రంగం మీద ఉన్నారు. మిగతా సమాజాల్లో ఆడవేషం మగవాడిదే. స్థానం నరసింహారావు సత్యభామను చూసి పరవశించిన కాలం అది. అంతటి ప్రతిభ కళ్లముందున్నా, స్త్రీ పాత్రను స్త్రీయే వెయ్యాలని రాఘవ పట్టుబట్టాడు. గాత్రధర్మం వదిలి సహజ సంభాషణ కోరుకున్న నటుడికి ఎదుట చీర కట్టిన మగవాడు నిలబడితే ఆ సహజత్వం ఎక్కడిది? కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటివారు ఆయన ప్రోత్సాహంతో ముందుకు వచ్చారు. పాకాల వెంకట రాజమన్నారు రాసిన ‘తప్పెవరిది’ సాంఘిక నాటకంలో పద్మావతీదేవి నటించింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నాటకం అయిపోగానే రాఘవ ప్లీడరుగారు. మర్నాడు కోర్టులో ఆయన గౌరవానికి లోటు లేదు. ఆ స్త్రీలు మాత్రం అదే తెర దిగి, రంగమెక్కిన ఆడదాన్ని వేరుగా చూసే వీధిలోకి నడవాలి. ఇద్దరూ ఒకే నాటకంలో నటించినా ఇద్దరూ చెల్లించిన మూల్యం ఒకటి కాదు. అయినా మన చరిత్రలు ‘రాఘవ స్త్రీలను రంగస్థలానికి తెచ్చాడు’ అంటాయి. వాళ్లు వచ్చారు అని రాయవు.

సినిమాలోకి రాఘవ వచ్చేసరికి యాభై ఆరేళ్లు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు. 1940లో ‘చండిక’. ఈ రెంటి మధ్య 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో నర్సిరెడ్డి. నా దృష్టిలో ఆయన సినిమా జీవితమంతా ఈ పాత్రలోనే ఉంది. జమీందారీ రైతుల ఆందోళన, ప్రకాశం కమిటీ విచారణ దేశాన్ని కదిపిన రోజులవి. సంభాషణల్లో గోపీచంద్ చెయ్యి, పాటల్లో కొసరాజు చెయ్యి ఉన్నాయి. జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల ప్రదర్శన ఆగింది. మరి తీసిన సారథి సంస్థ వెనక ఉన్నది ఎవరు? చల్లపల్లి జమీందారు! జమీందారు పెట్టుబడితో, సర్కారు తరఫున వాదించిన ప్లీడరు, జమీందారును ఎదిరించే రైతుగా నిలబడ్డాడు. ఈ వైరుధ్యాన్ని దాచి రాఘవను విప్లవకారుణ్ణి చెయ్యడం ఎంత తప్పో, దీన్నే చూపించి నర్సిరెడ్డిని కొట్టిపారేయడమూ అంతే తప్పు. కళాకారుడు తన వర్గం గీసిన గీత దాటి ఒక్కోసారి ఎంత దూరం వెళ్లగలడో ఆ చిత్రం చెబుతుంది.

రాఘవ 1946 ఏప్రిల్ 16న కన్నుమూశాడు. అప్పటికి మూడేళ్ల ముందే ప్రజానాట్యమండలి పుట్టింది. కొండపల్లి కోటేశ్వరమ్మ, మోటూరి ఉదయం వంటి స్త్రీలు ఊరూరా తిరిగి ఆడారు, పాడారు. నిందలు వాళ్లకూ తప్పలేదు. కాకపోతే వాళ్ల వెనక ఒక పెద్దమనిషి అండకు బదులు ఒక ఉద్యమం ఉంది. ‘మాభూమి’ ఆడిన నటులు పద్యం పాడకపోయినా జనం కూర్చున్నారు. రాఘవ ఒంటరిగా, సొంత ఆదాయం బలంతో గెలుచుకున్న స్వేచ్ఛను సమష్టిగా సంపాదించే దారి అక్కడ కనిపించింది.

1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. రాఘవ పేరు మనకు పురస్కారాల్లోను, జయంతి సభల్లోను మిగిలింది. విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే. ఏ నటుడి చరిత్ర రాసినా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇతడు దేని మీద బతికాడు? ఎవరి మాట కాదనగలిగాడు? ఇతడి పక్కన నిలబడి ఎక్కువ మూల్యం చెల్లించింది ఎవరు? బిరుదుల జాబితా ఆ తరవాత రాసుకోవచ్చు.