మందుగుండు నుండి మందుగుళికకు

తెలుగులో 'మందు' అనే మాటకు ఔషధమని ఒక అర్థం, పేలుడు పదార్థమని మరొక అర్థం. ఈ రెండర్థాలు ఒకే వస్తువులో కలిసిన ఘట్టం ఒకటి 20వ శతాబ్దపు వైద్యచరిత్రలో కలదు. ఆ వస్తువు పేరు డైనైట్రోఫినాల్.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సుదేశపు ఆయుధ కర్మాగారాలలో ఈ పసుపుపచ్చని పదార్థాన్ని పిక్రిక్ ఆమ్లంతో కలిపి పేలుడు మందు తయారుచేసేవారు. అక్కడి పనివారికి చెమటలు ధారలు కట్టేవి, జ్వరం వచ్చేది, శరీరం చిక్కిపోయేది. కొందరు మరణించినారు కూడ. చర్మం ద్వారా, ఊపిరి ద్వారా లోనికి చేరిన ఆ పదార్థమే ఇందుకు కారణం.

1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిస్ టెయింటర్, విండ్సర్ కటింగ్ అనే పరిశోధకులు దీనిని కొద్ది మోతాదులో స్థూలకాయులకు ఇచ్చి చూచినారు. బరువు నిజంగానే తగ్గినది. వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని వారు హెచ్చరించినారు. ఫలితం లోకమంతటికీ వినిపించినది గాని, హెచ్చరిక వినిపించలేదు. వైద్యుని చీటీతో పనిలేకుండానే దుకాణాలలో గుళికలు అమ్మసాగినారు. 1934 నాటికి కనీసం లక్షమంది వీటిని వాడి ఉందురని టెయింటరే అంచనా వేసినాడు.

ఈ గుళిక పనిచేసే తీరు గమనింపదగినది. మనం తిన్న అన్నంలోని శక్తిని శరీరకణాలు తమ పనికి వచ్చే రూపంలో భద్రపరచుకొంటవి. డైనైట్రోఫినాల్ ఆ ఏర్పాటును చెడగొట్టి, శక్తిని వేడిగా మార్చి వృథా చేస్తుంది. పొయ్యి భగభగ మండుతుంది, ఎసరు మాత్రం కాగదు. ఆ మంట హద్దుమీరితే వంటిల్లే అంటుకొంటుంది. మోతాదు మించినప్పుడు శరీరోష్ణం అదుపు తప్పి పెరుగుతుంది. దీనికి విరుగుడు నేటికిని లేదు. కనుక బరువు తగ్గించే గుణమూ, ప్రాణం తీసే గుణమూ ఇందులో వేరువేరు కావు, రెండూ ఒక్కటే.

మరణవార్తలు వచ్చినవి. 1935 నుండి మరొక విపత్తు బయటపడినది. ముదిమిలో రావలసిన కంటి శుక్లాలు ఈ గుళికలు వాడిన పడుచు స్త్రీలకు వచ్చినవి. అయినను ప్రభుత్వం అమ్మకాన్ని ఆపలేకపోయినది. 1906 నాటి చట్టం ప్రకారం రోగానికి వాడేదే ఔషధం. స్థూలకాయం రోగాల లెక్కలోనికి రాలేదు. రోగం కానిదానికి అమ్మే గుళిక చట్టానికి చిక్కలేదు. 1937లో ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే మరొక మందు వలన నూరుమందికి పైగా మరణించిన తరువాత గాని ప్రజాభిప్రాయం బలపడలేదు. 1938 జూన్ 25న కొత్త చట్టం వచ్చినది. క్రొత్త మందును అమ్మకముందే అది ప్రమాదరహితమని చూపవలసిన బాధ్యత తయారీదారులపై పడినది. డైనైట్రోఫినాల్ మనుష్యులు వాడరానిదని ఆ ఏడే నిర్ణయమైనది.

కథ అంతటితో ముగియలేదు. ఇంటర్నెట్ ద్వారా అదే పదార్థం రహస్యంగా అమ్ముడుపోతూ మరికొందరి ప్రాణాలు తీసినది. 2023 అక్టోబరులో బ్రిటన్ దానిని నియంత్రిత విషాల జాబితాలో చేర్చినది. సిబుట్రమిన్ అనే మరొక మందు గుండెకు హానికరమని తేలి 2010లో అమెరికాలో అమ్మకం నుండి ఉపసంహరింపబడినది, 2011లో మన దేశంలో నిషిద్ధమైనది. ఆ తరువాత కూడ మూలికల గుళికలని చెప్పి అమ్మే వాటిలో అది పలుమార్లు పట్టుబడినది.

చీటీ లేకుండా అమ్మే మందులన్నియు ఇటువంటివి కావు. 2007లో అమెరికాలో అట్టి అమ్మకానికి అనుమతి పొందిన ఆర్లిస్టాట్, తిన్న కొవ్వులో ఇంచుమించు నాలుగవ వంతును జీర్ణం కాకుండా ఆపుతుంది. అన్నం, చక్కెరల జోలికి పోదు. మితాహారం తోడైతేనే దాని ప్రయోజనం, అదీ స్వల్పమే. కొన్ని విటమినులు ఒంటబట్టకుండా చేసే లోపమూ దానికి ఉన్నది.

తూకపు యంత్రం ఎంత తగ్గినదో చెప్పగలదు. ఏమి కోల్పోయినామో చెప్పలేదు. ఫ్రాన్సు పనివారికి వచ్చిన జ్వరం ఆనాడే ఆ మాట చెప్పినది. గుళిక కొనే ముందు వైద్యుని అడిగి తెలుసుకొనుట అందువల్లనే అవసరం.