బెంటోటా అనుకుంటే ట్రింకోమలీ అయింది

మావారు ల్యాప్‌టాప్ తెచ్చి నా చపాతీ పీట పక్కన పెట్టారు. శ్రీలంకలో బెంటోటా బీచ్, ఐదు రాత్రులు, మే రెండో వారం. నలుగురికీ కలిపి రేటు చూస్తే గోవా కంటే తక్కువ. అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, జూన్ దాటితే హాస్టల్ పిల్ల. అందరం కలిసి వెళ్లే ప్రయాణం మళ్లీ ఎప్పటికో. "అడ్వాన్సు కట్టేయనా?" అన్నారు.

జనవరిలో ఎంత ఉందో చూడండి అన్నాను. దాదాపు రెట్టింపు. సాయంత్రం బజారులో గంపెడు టమాటాలు తేరగా ఇస్తున్నారంటే అడుగువి మెత్తబడ్డాయని అర్థం. ఇరవై ఏళ్లుగా సంచీ పట్టుకు తిరుగుతున్నదాన్ని, నాకు తెలీదా!

ఇక్కడ కారణం గాలి. శ్రీలంకకి వానకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి పడమర, దక్షిణ తీరాలని కొడుతుంది. కొలంబో, బెంటోటా, గాలే, మిరిస్సా అన్నీ ఆ వైపువే. అలలు పెద్దవి, లోపలికి లాగేస్తాయి, ఎర్రజెండా పెట్టారంటే గదిలో కూర్చుని కిటికీలోంచి చూడటమే. మనకి మృగశిర కార్తెకి రావలసిన వాన వాళ్లకి ముందే దిగుతుంది. అవే రోజుల్లో, మధ్యనున్న కొండలకి ఇవతల తూర్పు తీరం పొడిగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. డిసెంబరు నాటికి ఈశాన్య గాలి వచ్చి లెక్క తిరగబడుతుంది. అంటే ఆ దేశంలో ఏ ఊరు అని కాదు, ఏ నెల అని ముందు అడగాలి. మా ప్లాను అలా తూర్పుకి జరిగింది. ట్రింకోమలీ, దానికి కాస్త పైన నీలావెలి.

హోటళ్లు చూద్దామని కూర్చున్నదాన్ని ఆ రేవు కథలో పడి అర్ధరాత్రి దాకా లేవలేదు. చదివింది తెలుగు బి.ఏ. అయినా చరిత్ర పిచ్చి మాత్రం వదల్లేదు. మనం సెలవులకి పడే తలనొప్పే పూర్వం ఓడలవాళ్లకీ ఉండేది. మద్రాసు వంటి చోట్ల ఓడ ఒడ్డుకి రాలేదు, దూరంగా లంగరేసి పడవల్లో సరుకు దించుకునేవారు. మన విశాఖ హార్బరు కూడా 1933లో వచ్చిందే కదా. అక్టోబరులో ఈశాన్య గాలీ, తుఫాన్లూ మొదలైతే యుద్ధనౌకలు ఈ తీరంలో నిలవలేవు. ఇంగ్లీషువాళ్ల నౌకాదళం తలదాచుకోడానికి బొంబాయి దాకా చుట్టి వెళ్లేది. అది తిరిగొచ్చేదాకా ఈ వైపు దిక్కులేదు. బంగాళాఖాతం పక్కన, ఏ కాలంలోనైనా పెద్ద ఓడలు భద్రంగా ఉండగల లోతైన సహజమైన రేవు ట్రింకోమలీ.

మరి ఊరుకుంటారా! 1620లలో పోర్చుగీసులు కొండకొమ్మున ఉన్న కోణేశ్వరం శివాలయాన్ని పడగొట్టి, ఆ రాళ్లతోనే కోట కట్టారు. 1639లో డచ్చివాళ్లు దాన్ని గుంజుకున్నారు. 1782 జనవరిలో ఇంగ్లీషువాళ్లు, ఆ ఆగస్టు ఆఖరుకే ఫ్రెంచి సేనాని సఫ్రెన్. మళ్లీ డచ్చివాళ్లు, 1795లో మళ్లీ ఇంగ్లీషువాళ్లు. దేశానికి 1948లో స్వాతంత్ర్యం ఇచ్చినా ఈ నౌకాస్థావరాన్ని మాత్రం 1957 దాకా వదల్లేదు. మా వీధి చివరి కార్నర్ ప్లాటు కూడా ఇన్ని చేతులు మారలేదు.

గుడి మళ్లీ కట్టుకున్నారు, ఇరవయ్యో శతాబ్దంలో. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్తే వస్తారని నా ఆశ. కార్తీకంలో వాళ్ల పెద్దన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఆవిడ గేటు దాటడం లేదు. "నాకెందుకమ్మా, మీరు వెళ్లిరండి" అన్నారు, చిక్కుళ్లు ఒలుస్తూ. నేనూ పక్కన కూర్చుని, చదివింది చదివినట్టు చెప్పుకుపోతున్నాను. 1942 ఏప్రిల్ దగ్గరికి రాగానే ఆవిడ చేతులు ఆగాయి.

"అన్నయ్య పుట్టింది అప్పుడే."

ఇంట్లో ఆయన్ని 'బాంబుల అబ్బాయి' అనేవారని నాకు తెలుసు గానీ, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. కాకినాడ మీద బాంబులు పడ్డాయని నిండు చూలాలైన వాళ్లమ్మని ఎడ్లబండి ఎక్కించి పెద్దాపురం వైపు బయల్దేరదీశారట. దారిలో ఎవరిదో చావిట్లో కాన్పు. ఆ ఇల్లాలి పేరు కూడా తెలియకుండానే మర్నాడు బండి కదిలిందట.

నేను తేదీలు చెప్పాను. ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద, 6న విశాఖ, కాకినాడల మీద, 9న ట్రింకోమలీ మీద. ఒకే దండయాత్ర, రెండు దళాలు. పెద్దది లంక మీదికీ, చిన్నది మన తీరంలోని ఓడల మీదికీ. 9నే మట్టకళప్పు దగ్గర హెర్మిస్ అనే విమానవాహక నౌక మునిగి 300 మందికి పైగా పోయారు.

"ఇన్నాళ్లూ మా ఊరి మీదే పడ్డాయనుకున్నాను" అన్నారావిడ. కాసేపాగి, "అక్కడి ఆడవాళ్లు ఎటు పరిగెత్తారో" అన్నారు. ఏ పుస్తకంలోనూ నాకు దొరకని ప్రశ్న అది.

ఆ తర్వాత కూడా ఆ తీరం సుఖపడలేదు. 1983 నుంచి 2009 దాకా అంతర్యుద్ధం, మధ్యలో 2004 డిసెంబరు 26న సునామీ. ఆ దేశం మొత్తమ్మీద 30 వేలకు పైగా చనిపోయారు. పెద్ద హోటళ్లు పడమరనే ఎక్కువ కట్టుకోవడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను. నిజం చెప్పొద్దూ, పిల్లల్ని తీసుకెళ్లడానికి నాకూ కొంచెం గుబులుగానే ఉంది. అబ్బాయికి అవేం పట్టవు. నీలావెలికి ఎదురుగా ఉన్న పావురాల దీవిలో పగడాల మధ్య ఈత కొట్టాలట. ఒకప్పుడు ఇంగ్లీషు నౌకాదళం గురి చూసి కాల్చడం నేర్చుకున్న దీవి అది, 2003 నుంచి జాతీయ పార్కు. పగడపు ముక్క ఒక్కటి కూడా ఏరకూడదని ఇప్పటినుంచే చెప్తున్నాను.

కొలంబో నుంచి 260 కిలోమీటర్లు, కారులో ఆరేడు గంటలు. అత్తయ్యగారి మోకాళ్లకి అది ఎక్కువే, దంబుల్లలో ఒక రాత్రి ఆగుతాం. ఇప్పుడు లెక్క అయిదుగురికి. నిన్న పాస్‌పోర్టు ఆఫీసులో పుట్టిన తేదీకి కాగితం అడిగితే ఆవిడ అన్నగారి వయసు నుంచి తీసి చెప్పబోయారు. నేను గబగబా ఆధార్ చూపించాను. అది చేతికొచ్చాకే టికెట్లు. మావారు బెంటోటా వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేశారు.