మావయ్య కారు మీద పలుగూ పారా

ఏరా అబ్బాయ్, కొత్త బండికి పైన క్యారియర్ వేయించావట. దానికి పార, గొడ్డలి తగిలించే క్లాంపులు ఫోన్లో వెతుకుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ ధర విని నాకు నోట మాట రాలేదు. మా రోజుల్లో ఆ డబ్బుకి ఊళ్లో ప్రతి ఇంటికీ ఓ పార కొనిపెట్టొచ్చు. సరే, కూర్చో. నీ ఆర్డరు ఓ పూట ఆగితే కొంపలేం మునగవు.

1970లలో మా మేనమామకి ఓ అంబాసిడర్ ఉండేది. పాతదే, ఎవరో వాడుకుని అమ్మేసింది. కొత్త కారు కావాలంటే అప్పట్లో డబ్బొక్కటే చాలేది కాదురా, బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునే కాస్త అటూ ఇటూ చేసి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారు చేసేవాళ్లు. పిల్ల పుట్టినప్పుడు బుక్ చేస్తే పెళ్లినాటికి వస్తుందని మావయ్య ఎకసెక్కం. ఆ కథలోకి పోతే తెల్లారిపోతుంది గానీ, మన పార దగ్గరికొద్దాం.

మాది కృష్ణా డెల్టా కదా. నల్లరేగడి తడిసిందంటే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుపోయి చక్రాన్నే తిరగనివ్వదు. కాలవగట్టు మీద పోయే కారుకి పలుగు, పార, గొడ్డలి లేకపోతే అంతే సంగతులు. మావయ్య మొదట వాటిని డిక్కీలో పెట్టేవాడు. పైన పెళ్లివారి పెట్టెలు, వాటి పైన లడ్డూల బుట్ట. దిగబడ్డాక ఆ సరంజామా అంతా బురదలో దించితే గానీ పార చేతికి రాదు. లడ్డూల బుట్ట నేల మీద పెట్టనివ్వని పెద్దమ్మ ఒకావిడ ప్రతి పెళ్లిలోనూ ఉంటుంది, తెలుసుగా!

అందుకని పనిముట్లు పైకెక్కాయి. ఆ కార్ల కప్పు అంచున వాననీళ్లు కారిపోయే సన్నటి కాలవ ఉండేది. దాన్ని పట్టుకునే క్యారియర్ కాళ్లు బిగిసేవి. మావయ్య ఆ క్యారియర్‌కి పారని కొబ్బరితాడుతో కట్టాడు. తాడు ఎండకి వదులై పార రోడ్డంతా డప్పు వాయించేది. వానకి ముడి బిగుసుకుని పళ్లతో లాగినా ఊడేది కాదు. పార అక్కర్లేనప్పుడు ఊడిపోవడం, కావాల్సినప్పుడు రాకపోవడం! పిలవని పేరంటానికి వచ్చి పిలిస్తే రాని చుట్టాలు మనకి మాత్రం లేరూ?

అప్పుడు సలహాలు మొదలయ్యాయి. ఊరికి ఒక్క కారు ఉంటే ఊరంతా ఇంజనీర్లే. ఒకాయన మాట విని బెజవాడ ఆటోనగర్‌లో యూబోల్టులు వేయించాడు. ఆటోనగర్ అంటే ఏమనుకున్నావ్? పాత లారీని ముక్కలు చేసి తూకానికి అమ్మేవాళ్లూ, ఆ ముక్కల్తో ఇంకో లారీని నిలబెట్టేవాళ్లూ ఒకే వీధిలో ఉండేవాళ్లు. యాంగిల్ ముక్క కిలోల లెక్కన, వెల్డింగు కూలి కాలిన రాడ్డుల లెక్కన. పని జరిగినంతసేపూ కారు గలాయన తిరగేసిన డబ్బా మీద కూర్చుని, చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ టీ ఇప్పించాలి. టీ పావలా. చివరికి టీలకే ఎక్కువయిందని మావయ్య గొణిగేవాడు.

బిగించడం బ్రహ్మాండంగా బిగిసింది. మా వైపు ఉప్పుగాలికి రెండు వానలు పడేసరికి నట్లు తుప్పు పట్టి బోల్టుల్ని కౌగిలించుకున్నాయి. విప్పాలంటే పానా కావాలి. పానా ఎక్కడుంది? డిక్కీలో, లడ్డూల బుట్ట కింద.

చివరికి దారి చూపినవాడు మా ఊరి కమ్మరి. కారెక్కి ఎరగడు. చేసినవన్నీ ఎడ్లబండి ఇరుసులూ, చక్రాల పట్టాలూ. 'బండి చక్రాన్ని ఇరుసు మీద ఆపేదేంటయ్యా? ఒక్క కడచీల. అది ఊడదు. తియ్యాలంటే చేతికి వస్తుంది. దీనికీ అదే పెట్టు' అన్నాడు.

ఇదిగో, ఇప్పుడు చెవి ఇటు పెట్టు. అంగుళం వెడల్పు ఇనప పట్టీని వంచి రెండు దోనెలు చేశాడు. ఒకటి పార కర్రకి ముందు, ఒకటి వెనక. లోపల పాత టైరు రబ్బరు పరిచాడు. పైన మూతలాగా ఇంకో పట్టీ, ఒక పక్క మడతబందు, ఇంకో పక్క చిల్లు. ఆ చిల్లులోంచి చీల. చీల కొసన చిన్న వంపు. రబ్బరు పైకి తోస్తుంటే ఆ వంపు చిల్లు అంచుని పట్టుకుని ఎన్ని గతుకులొచ్చినా వదిలేది కాదు. అరచేత్తో పట్టీ మీద నొక్కితే రబ్బరు అణిగి చీల వేలికి వచ్చేసేది. చీల పారిపోకుండా జానెడు గొలుసు. దోనెల్ని క్యారియర్‌కి బిగించిన బోల్టులకి మాత్రం స్ప్రింగు వాషరు, మీద రెండో నట్టు. అదురుకి ఊడేవి అవే కాబట్టి.

ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. ఎడమ పక్క. ఎందుకో చెప్పు చూద్దాం? మన దేశంలో బండి ఎడమకి తీసి ఆపుతాం. పార తీసేవాడు రోడ్డు మార్జిన్‌లో నిలబడాలి గానీ లారీలకి ఎదురుగా కాదు. పార రేకు పడుకోబెట్టి, పదును వెనక్కి పెట్టాలి. నిలబెడితే గాలిని కోసుకుంటూ చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తుంది. పలుగు బరువైనది, దాన్ని క్యారియర్ అడుగున, కాళ్లకి దగ్గరగా. ఎత్తున బరువు పెడితే మలుపులో కారు ఊగుతుంది. గొడ్డలి పదునుకి టైరు ముక్కతో తొడుగు. అంతా అయ్యాక రెడాక్సైడు.

ఊరు ఊరంతా నవ్వింది. 'కారెక్కి కాలవ పూడిక తియ్యడానికా?' అని. మావయ్య ఏమీ అనేవాడు కాదు. దారిలో ఎవరి బండి దిగబడినా ఆ పార వాళ్లదే. వాడుకున్నవాళ్లు మట్టి కడిగి మళ్లీ దోనెలో పెట్టి చీల వేసి మరీ పంపేవాళ్లు. అప్పటి మర్యాద అది. నువ్వైతే ముందు తాళం సంగతి ఆలోచిస్తావు, నీ తప్పేం లేదులే.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా పోయారు. అది ముచ్చటగా చెప్పుకునేది కాదు, ఒక్క మాటతో దాటేస్తాను. గాలి తగ్గాక బియ్యం, మంచినీళ్లు వేసుకుని అవనిగడ్డ వైపు కదిలిన బళ్లలో మావయ్య కారూ ఉంది. రోడ్డుకడ్డంగా చెట్లు. దిగడం, చీల లాగడం, నరకడం, మళ్లీ తగిలించడం. పానా వెతికే పని లేదు, ముడి విప్పే పని లేదు. నవ్విన నాపచేనే పండిందిరా.

పనిముట్టుని గట్టిగా పట్టుకోవడం సగం పనే. అడిగిన క్షణంలో వదిలెయ్యడం మిగతా సగం. కొనుక్కుంటావో చేయించుకుంటావో నీ ఇష్టం. నీ బండి కప్పుకి ఆ వాననీళ్ల కాలవ ఉండదు కాబట్టి, క్యారియర్ ఎంత బరువు మోస్తుందో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకో. బిగించాక కాస్త దూరం నడిపి, దిగి నట్లన్నీ మళ్లీ ఓ పట్టు పట్టు. ఆ తర్వాత చీకట్లో, చేతులు తడిపి, ఒంటిచేత్తో పార తీసి చూడు. రాకపోయిందా, ఎంత పోసి కొన్నా దాన్ని వెనక్కి పంపెయ్.