విరామం, టైమ్ అవుట్
తెలుగు పిల్లలకు బాస్కెట్‌బాల్ నియమాలను వివరించేవారు క్వార్టర్ల నడుమ దానంతటదే వచ్చే 2 నిమిషాల ఖాళీనీ, జట్టు కోరితేనే దొరికే టైమ్ అవుట్‌నూ ‘విరామం’ అనే ఒక్క మాటతో సరిపెడితే నియమమే తారుమారవుతుంది. క్రీడించడం, ఆనందించడం అనే అర్థాలుగల ‘రమ్’ ధాతువుకు ‘వి’ అనే ఉపసర్గ చేరి పుట్టిన ఈ సంస్కృత పదం పాణిని వ్యాకరణంలో ఉచ్చారణ ఆగిపోవడాన్ని చెబుతుంది. తెలుగు పొల్లుకు యూనికోడ్ పెట్టిన పేరూ ఇదే. ఆటను సూచించే ధాతువు నుంచే ఆట నిలుపుదలకు పేరు రావడం చిత్రమే. విరమణ, విరతి దీని చుట్టాలే అయినా వాటిలో ముగింపు ఛాయ మిగలగా (పదవీ విరమణ చేసినవారు తిరిగి ఆ కుర్చీకి రారు), విరామం మళ్లీ మొదలయ్యే ఆగుదలగా స్థిరపడింది. ఇక టైమ్ అవుట్ సంగతి: అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నియమాల్లో అది 60 సెకన్లది. నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో కోర్టులో తన వెనుక సగంలో బంతి దక్కిన జట్టు దాన్ని కోరితే, గీత బయటి నుంచి బంతి అందించే త్రో-ఇన్‌ను ముందు సగం నుంచి వేసే వీలు కూడా కోచ్‌కు దక్కుతుంది. ఇంత వ్యూహం ఇమిడిన మాటను ‘టైమ్ అవుట్’గానే ఉంచడం మేలు.