చెప్పుల స్టాండ్ టోకెన్, ఎన్‌ఎఫ్‌ఎస్‌వాచ్ కథ

క్లౌడ్‌లో ఉన్న ఫైల్ ఓపెన్ చేస్తే మన ఫోన్‌లోనే ఉన్నట్టుంటుంది కదా? యూనిక్స్ మెషీన్లకు ఈ సుఖం 1980ల్లోనే వచ్చింది, సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్‌తో. కానీ సర్వర్ నత్తనడక నడిస్తే, దాన్ని అంతలా వాడేస్తున్నది ఎవరు?

అది చూపించడానికి పర్డ్యూ యూనివర్సిటీలో డేవ్ కర్రీ, డీఈసీ కంపెనీలో జెఫ్ మోగుల్ కలిసి ఎన్‌ఎఫ్‌ఎస్‌వాచ్ తయారుచేశారు. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూసి, మామూలుగా 10 సెకన్లకోసారి లెక్క చూపిస్తుంది.

లెక్కపెట్టడం ఈజీనే. అసలు తిప్పలు ప్యాకెట్లు పట్టుకోవడంలో. సన్‌ఓఎస్ 4లో దానికి నిట్, సొలారిస్‌లో డీఎల్‌పీఐ, అల్ట్రిక్స్‌లో ప్యాకెట్ ఫిల్టర్. పని ఒకటే, కోడ్ మాత్రం ప్రతిచోటా వేరు.

ఇంకో చిక్కు ఫైల్ హ్యాండిల్. గుడి దగ్గర చెప్పుల స్టాండ్ టోకెన్ లాంటిది. దాని అర్థం ఇచ్చినవాడికే తెలుసు. వెర్షన్ 2లో అది 32 బైట్లు, 1995లో స్పెసిఫికేషన్ వచ్చిన వెర్షన్ 3లో 64 బైట్ల దాకా. లోపల ఏది ఎక్కడుండాలో ఒక్కో యూనిక్స్‌ది ఒక్కో పద్ధతి. లోడ్ ఏ ఫైల్ సిస్టమ్ మీద పడుతోందో చెప్పాలంటే, ఆ టోకెన్ ఏ యూనిక్స్‌దో ముందు ఊహించాలి!

ఆ ఊహించే కోడ్‌ను మోగుల్ 1990ల్లో రాశారు. టీసీపీడంప్‌లోకి కూడా అదే వెళ్లింది. అందుకే ఫ్రెండ్స్, టూల్ రాయడం ఒక్కసారి పని. దాన్ని బతికించడం మాత్రం కొత్త సిస్టమ్ వచ్చిన ప్రతిసారీ చేయాల్సిన పని. అలా బతికించేవాళ్లను కూడా గుర్తుపెట్టుకుందాం.